మీకు తెలుసా? పిడుగు డిష్ వైరు వెంట కూడా ఇంట్లోకి వస్తుంది

మే నెల సాయంత్రం. ఈదురుగాలి మొదలవగానే అందరిళ్లలో చేసే పనే మేమూ చేశాం, రిమోట్ నొక్కి టీవీ ఆపేశాం. కాసేపటికి వీధి చివర ఎక్కడో పిడుగు పడింది. మా మేడ మీద పడలేదు. అయినా పొద్దున చూస్తే సెట్‌టాప్ బాక్స్ పలకదు, ఆంప్లిఫయర్ హెచ్‌డీఎంఐ సాకెట్లు మూడూ పనిచేయవు, టీవీలో ఒక పోర్టు పోయింది. మెకానిక్ మూత విప్పి టార్చి వేసి చూపించాడు. కరెంటు వచ్చే బోర్డు మీద ఫ్యూజు చెక్కుచెదరలేదు. హెచ్‌డీఎంఐ సాకెట్ వెనకున్న చిన్న చిప్పు మీద మాత్రం ఆవగింజంత గుంట, దాని చుట్టూ మసి. "ప్లగ్గు వైపు నుంచి ఏమీ రాలేదు సార్. డాబా మీది డిష్ వైర్లోంచి బాక్సులోకి దిగి, అక్కణ్నుంచి ఇటు దూకింది" అన్నాడు. మేం కొని పెట్టుకున్న స్పైక్ గార్డు లైటు అప్పటికీ వెలుగుతూనే ఉంది.

ఆ రోజు నుంచి ఎవరు హోం థియేటర్ కొంటున్నామన్నా నేను ముందు అడిగేది ఒకటే. దానికి ఎన్ని వైర్లు వస్తున్నాయి, ఎటు నుంచి వస్తున్నాయి?

మీకు తెలుసా? ఇలా ఒక్కసారిగా ఎగసివచ్చే వోల్టేజీని సర్జ్ అంటారు. అది ఒక తీగలోంచి లోపలికి వచ్చి, మరో తీగలోంచి భూమిలోకి దిగాలని చూస్తుంది. ఆ దారిలో ఏది అడ్డం ఉంటే అది కాలుతుంది. అందుకే టీవీ, ఆంప్లిఫయర్, సెట్‌టాప్ బాక్స్, ఊఫర్ అన్నిటికీ ఒకే సర్జ్ ప్రొటెక్టర్ నుంచి కరెంటు ఇవ్వాలి. డిష్ కేబుల్‌నీ అదే పెట్టెలోంచి తీసుకెళ్లే ఏర్పాటున్నది దొరికితే ఇంకా మంచిది. అప్పుడు అన్ని తీగలకూ ఎర్తు ఒక్కచోటే కలుస్తుంది. హాల్లో ఆ మూల ఊఫర్‌ని వేరే సాకెట్లో పెట్టి, ఆంప్లిఫయర్ నుంచి పొడుగాటి ఆడియో వైరు లాగారంటే, సర్జ్‌కి కొత్త దారి వేసినట్టే.

ఇంటికి వచ్చే ఫైబర్ ఇంటర్నెట్ తీగలో ఉండేది గాజు పోగు. దానిలో కరెంటు పారదు. కానీ రౌటర్ అడాప్టర్, అక్కణ్నుంచి టీవీకి వెళ్లే ల్యాన్ కేబుల్ రెండూ రాగివే. రౌటర్‌ని కూడా ఆ ప్రొటెక్టర్ మీదే పెట్టండి.

ప్రొటెక్టర్ విప్పితే లోపల పనిచేసేది పావలా కాసంత బిళ్ల. నీలం రంగుదో పసుపు రంగుదో ఉంటుంది, పేరు మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్, ఎంఓవీ అంటారు. దానిలోని ముఖ్య పదార్థం జింక్ ఆక్సైడ్, చెమటకాయలకు రాసే కాలమైన్ లోషన్‌లో ఉండేదే. 1960ల చివర్లో జపాన్‌లో మత్సుషిత కంపెనీలో మిచియో మత్సుఓకా దీన్ని తయారుచేశారు. మామూలు 230 వోల్టుల దగ్గర ఈ బిళ్ల కరెంటుకు దాదాపు అడ్డుగోడ. వోల్టేజీ హద్దు దాటగానే సెకనులో కోట్లో వంతు కూడా పట్టకుండా దారి తెరుస్తుంది, ఎక్కువైనదాన్ని పక్కకు మళ్లిస్తుంది. మళ్లీ మూసుకుంటుంది. ఎంత అందమైన పనో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. కానీ తగిలిన ప్రతి పెద్ద దెబ్బకీ అది కాస్త అరుగుతుంది. పూర్తిగా చచ్చిపోయాక కూడా చాలా ప్రొటెక్టర్ స్ట్రిప్పులు కరెంటు మాత్రం ఇస్తూనే ఉంటాయి, టీవీ నడుస్తూనే ఉంటుంది, మనకు తెలియదు. కాబట్టి కొనేటప్పుడు స్విచ్చి లైటు కాకుండా, రక్షణ ఇంకా ఉందని చెప్పే లైటు విడిగా ఉన్నదే తీసుకోండి. అది ఆరిపోయిన రోజున స్ట్రిప్ మార్చేయాలి.

డబ్బా మీద చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. జౌల్స్ ఎక్కువుంటే ఆ బిళ్లలు ఎక్కువ దెబ్బలు తట్టుకుంటాయి, అంతే. లోపలికి ఎంత వోల్టేజీ వదులుతుందన్నది వేరే అంకె, అది తక్కువ ఉండాలి. 230 వోల్టుల దేశాల లెక్కలో మామూలు గృహోపకరణాలు 2,500 వోల్టుల తాకిడిని, సున్నితమైనవి 1,500 వోల్టులను క్షణకాలం తట్టుకోవాలి. అందుకని ప్రొటెక్టర్ వదిలేది 1,500కి మించకూడదు. రక్షణ ఫేజ్, న్యూట్రల్ మధ్యే కాదు, ఆ రెండిటికీ ఎర్తుకీ మధ్య కూడా ఉండాలి. ఇవేవీ రాయకుండా స్పైక్ గార్డ్ అని మాత్రమే ఉన్నదాన్ని నేనైతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కిందే లెక్కవేస్తాను.

స్టెబిలైజర్ ఉంది కదా అంటారు చాలామంది. దాని పని వేరు. వోల్టేజీ నిదానంగా పడిపోతే, పెరిగితే సరిచేస్తుంది. దానిలోని రిలే కదలడానికి మిల్లీసెకన్లు కావాలి. సర్జ్ మైక్రోసెకన్లలో వచ్చి వెళ్లిపోతుంది. పైగా ఇప్పటి టీవీల్లో చాలావాటి వెనక 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది, లో వోల్టేజీకి అవి పెద్దగా బాధపడవు.

అమెరికా నుంచి అబ్బాయో అమ్మాయో హోం థియేటర్‌తో పాటు సర్జ్ స్ట్రిప్ కూడా తెచ్చారా? దయచేసి దాన్ని మన సాకెట్లో పెట్టకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు. దాని బిళ్లలు 150 వోల్టుల లోపు పనికే తయారైనవి. మన 230 తగలగానే అది నిత్యం పిడుగు పడుతున్నట్టే భావించి కరెంటుని మళ్లించబోయి, వేడెక్కి, పొగ చిమ్ముతుంది, మంట కూడా రావచ్చు. వాడితీరాలంటే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత, 120 వైపే వాడాలి.

ఇక ఎర్తు. ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను ఇంట్లో అందరూ చిన్నచూపు చూసేది. సాకెట్‌లో దూరడం లేదని దాన్ని విరిచేసేవాళ్లనూ, టూ పిన్ అడాప్టర్ తగిలించేవాళ్లనూ చూశాను. ఎర్తు లేకపోతే ప్రొటెక్టర్ పక్కకు మళ్లించింది ఎక్కడికి పోవాలి? ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మీటరుతో చూపించమనండి. ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఉన్నంతే దాదాపుగా ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటి రెండు వోల్టులే రావాలి. వేసవిలో ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోయమని పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు. ఎండిన మట్టిలో కరెంటు సరిగా దిగదు.

మీకు తెలుసా? మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ పెట్టించినా, దానికి కలిపే తీగ పొడుగైతే ఫలితం తగ్గిపోతుంది. సర్జ్ వేగానికి తిన్నటి తీగే మీటరుకు సుమారు వెయ్యి వోల్టులు కలుపుతుంది. రెండు వైపులా కలిపి అర మీటరు దాటకూడదు. బోర్డు నీటుగా కనిపించాలని తీగను చుట్టలు చుట్టి సర్దబోతే, చుట్టలు వద్దని చెప్పండి.

రెండు ప్రమాదాలను మాత్రం ఏ స్ట్రిప్పూ ఆపలేదు. మొదటిది న్యూట్రల్ తెగడం. ఫ్యాన్లు హోరుమని తిరుగుతాయి, బల్బులు తెల్లగా మండుతాయి, ఒక్కో ఇంటికి 400 వోల్టుల దాకా వచ్చేస్తుంది. అది క్షణకాలం తాకిడి కాదు, నిలబడి ఉండే వోల్టేజీ. ఎంఓవీ బిళ్ల కాలిపోతుంది. దానికి విడిగా, హై వోల్టేజీ వస్తే లైను తెంచేసే పరికరం మెయిన్ బోర్డులో ఉండాలి.

రెండోది నేరుగా ఇంటి మీదే పడే పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఒక పిడుగులో పారే కరెంటు మామూలుగా 30,000 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇంటి మీదే పడితే ఏ స్ట్రిప్పూ నిలవదు. అప్పుడు పనికొచ్చేది ప్లగ్గు పీకేయడమే. గోడ స్విచ్చి ఆపితే చాలదు. అది ఫేజ్‌ని ఒక్కదాన్నే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది, తెంపినచోట ఖాళీ కూడా మిల్లీమీటర్లే. మేఘాల్లోంచి నేల దాకా దూకగలిగినదానికి ఆ ఖాళీ ఒక లెక్కా?

ఉరుము వినగానే అర్జునుడి పేర్లు తలుచుకునేది మా అమ్మమ్మ. మా ఇంట్లో ఇప్పుడు మబ్బు కమ్ముతుండగానే ప్లగ్గు పీకి, డిష్ కేబుల్ మర కూడా విప్పి బాక్సుకు మూరెడు దూరంలో పెడుతున్నాం. ఉరుములు మొదలయ్యాక ఇంకా విప్పలేదని గుర్తొస్తే, ఆ తీగను చేత్తో ముట్టుకోం. బాక్సు పోతే పోనిస్తాం.