పెంపుడు ఇగ్వానాకు వెలుతురు ఏర్పాటు: నందికొండ పరిసరాలకు అనువైన పద్ధతి

మధ్య, దక్షిణ అమెరికా అడవులకు చెందిన పచ్చ ఇగ్వానా ఇటీవలి కాలంలో మన పట్టణాల ఇళ్లలోనూ పెంపుడు జంతువుగా కనిపించుచున్నది. ఇది పూర్తి శాకాహారి. పగలు చెట్ల కొమ్మలపై ఎండ కాగుచూ జీవించును. ఆహారం విషయంలో శ్రద్ధ వహించే యజమానులు సైతం వెలుతురును అలంకారంగానే భావించుట వలన అనేక ఇగ్వానాలు ఎముకల వ్యాధికి గురగుచున్నవి.

వెలుతురు – ఎముకల సంబంధం

సూర్యకాంతిలోని 280–315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కిరణాలను యూవీ-బి కిరణాలందురు. ఇవి చర్మంపై పడినప్పుడు అందలి 7-డీహైడ్రోకొలెస్ట్రాల్ అను పదార్థం మార్పు చెంది, శరీర ఉష్ణం తోడ్పాటుతో విటమిన్ డి3గా రూపొందును. కాలేయం, మూత్రపిండాలలో ఇది చైతన్యవంతమైన రూపం పొంది, పేగుల నుండి కాల్షియం గ్రహించుటకు తోడ్పడును. కావున యూవీ-బి, వేడి రెండూ ఒకే చోట లభించవలెను. ఏ ఒక్కటి లోపించినా ప్రయోజనం కుంటుపడును.

యూవీ-బి అందనిచో మేతలో ఎంత కాల్షియం ఉన్నా రక్తంలోనికి తగినంత చేరదు. అప్పుడు శరీరం ఎముకల నుండి కాల్షియంను తోడుకొనును. దవడ మెత్తబడుట, కాళ్లు ఉబ్బుట, వణుకు, కొమ్మ ఎక్కలేకపోవుట, చిన్న దెబ్బకే ఎముక విరుగుట దీని లక్షణాలు. ఉబ్బిన కాలును బలిసిన కాలుగా పొరబడరాదు. వంకరపోయిన ఎముక తిరిగి పూర్వరూపం పొందదు కనుక నివారణే ప్రధానం.

సహజమైన ఎండ

నందికొండ మీదుగా పోవు అక్షాంశ రేఖయే ఇగ్వానాల స్వస్థలమైన దక్షిణ మెక్సికో గుండా కూడా సాగును. ఇచ్చట పగటి కాలం డిసెంబరులో సుమారు 11 గంటలు, జూన్‌లో సుమారు 13 గంటలు ఉండును. అనగా ఈ జీవికి కావలసిన వెలుతురు మనకు ఉచితముగానే లభించుచున్నది. అయితే కిటికీ అద్దం యూవీ-బి కిరణాలను దాదాపు పూర్తిగా అడ్డగించును. అద్దం వెనుక నుండి పడే ఎండ వేడినిచ్చును గాని విటమిన్‌ను ఇయ్యదు.

తీగ జాలీ పంజరంలో ఉంచి వేసవిలో ఉదయం 8–9 గంటల మధ్య, చలికాలంలో 9–10.30 గంటల మధ్య ఎండ చూపుట మేలు. పంజరంలో సగభాగమునకు నీడ, త్రాగుటకు నీరు తప్పనిసరి. అద్దపు తొట్టిని ఎన్నడూ ఎండలో ఉంచరాదు. లోపలి వేడి నిమిషాలలోనే ప్రాణాంతక స్థాయికి చేరును. ఏప్రిల్, మే నెలలలో ఈ రాతినేలపై 40 డిగ్రీలు దాటుట సాధారణం కనుక మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. మన గాలి పొడిగా ఉండుట వలన రోజుకు రెండు మూడు సార్లు నీటిని తుంపరగా చల్లవలెను.

దీపాల ఏర్పాటు

ముసురు పట్టిన రోజులలోను, ఆరుబయట ఉంచు వీలు లేని ఇళ్లలోను సరీసృపాల కొరకు తయారు చేసిన యూవీ-బి ట్యూబును వాడవలెను. ఇంటి ఎల్ఈడీ బల్బులు, రంగు దీపాలు ఈ కిరణాలను ఇయ్యవు. అమర్చునప్పుడు ఈ క్రింది అంశాలు పాటించవలెను.

1. ట్యూబును పై నుండి, వేడి దీపం ప్రక్కనే అమర్చవలెను. ఎండ కాగు కొమ్మకు గల దూరం తయారీదారు సూచించిన మేరకు ఉండవలెను. సన్నని జాలీ సైతం కిరణాలలో గణనీయ భాగాన్ని అడ్డగించును.

2. ఎండ కాగు చోట 35–38 డిగ్రీలు, తక్కిన భాగంలో 27–30 డిగ్రీలు ఉండునట్లు ఉష్ణమాపకంతో పరిశీలించవలెను. వేడి దీపం జంతువుకు తగలకుండ జాలీ ఉంచవలెను.

3. రోజుకు 12 గంటలు వెలిగించి, రాత్రి పూర్తిగా ఆర్పవలెను. ఇగ్వానా నడినెత్తిన కాంతిని గుర్తించు 'మూడవ కన్ను' ఉండును. ఎర్ర బల్బు వెలిగించినా విశ్రాంతికి భంగమే.

4. ట్యూబు వెలుగుచున్నంత మాత్రమున యూవీ-బి వచ్చుచున్నదని తలపరాదు. కంటికి కనిపించు వెలుగు తగ్గకమునుపే ఈ కిరణాలు క్షీణించును. కావున యూవీ మాపకంతో పరీక్షించవలెను. అది లేనిచో తయారీదారు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా 6–12 నెలలకు, మార్చవలెను.

వెలుతురుతో పాటు మునగాకు వంటి కాల్షియం గల ఆకులను మేతగా ఇయ్యవలెను. ఆక్సలేట్లు అధికంగా గల పాలకూరను ముఖ్యాహారం చేయరాదు.

చట్టపరమైన జాగ్రత్త

ఇగ్వానా సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలోని జీవి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం, 2024 నాటి నియమాల ప్రకారం యజమాని పరివేష్ పోర్టల్ ద్వారా దీనిని నమోదు చేయించవలెను. మన గుట్టలలో తిరుగు ఉడుము చూపునకు కొంత ఇగ్వానాను పోలినను, అది మొదటి షెడ్యూలులోని రక్షిత ప్రాణి. దానిని పట్టుట, పెంచుట నేరం.

ఇగ్వానా బాధను అరుపుతో తెలుపదు. యజమాని గమనించునాటికి ఎముకలు చాలవరకు బలహీనపడి ఉండును. దవడలోగాని, నడకలోగాని మార్పు కనిపించిన వెంటనే పశువైద్యుని సంప్రదించవలెను. రోజూ ఉదయపు ఎండ, సకాలంలో మార్చిన ట్యూబు, చీకటి గల రాత్రి – ఈ మూడింటిని సమకూర్చలేని వారు ఇగ్వానాను తెచ్చుకొనకుండుటయే ఉత్తమం.