గేర్‌బాక్స్ దించినప్పుడే చూసుకోవాల్సినవి

రైతుబజారుకు కూరగాయలు మోసే పాత బొలెరో పికప్ గేరు వేసినప్పుడల్లా కరకరమంటోందనుకోండి. ‘ఏది పోయిందో అదొక్కటే మార్చెయ్’ అంటాడు యజమాని. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, ఇక్కడ ఆ లెక్క కుదరదు. ఇలాంటి బండిలో ఇంజన్ ముందుంటుంది, తిప్పేది వెనక చక్రాలను. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య, గంట ఆకారపు బెల్ హౌసింగ్‌లో, ఈ కరకరకు కారణం కాగల క్లచ్ దాక్కుని ఉంటుంది. దాన్ని కంటితో చూడాలన్నా ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయాలి, ఎందుకంటే స్టార్టర్ మోటారు దగ్గర ఎప్పుడూ కరెంటు ఉంటుంది. తర్వాత గేర్ రాడ్డు, స్టార్టర్, వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్. షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజిల మీద గుర్తు గీసుకోకపోతే బిగింపు మారి, వేగంలో బండి వణకొచ్చు. ఇంజన్ వెనక బరువు గేర్‌బాక్స్ కింది అడ్డపట్టీ మీదే ఉంటుంది కాబట్టి, చెక్క పెట్టి ఇంజన్‌కు జాకీ ఆనించాకే దాన్ని విప్పాలి. పెడల్ తొక్కితే క్లచ్‌ను విడిపించే గుప్పెడంత రిలీజ్ బేరింగ్ కోసం ఇంత తతంగం!

అందుకే గేర్‌బాక్స్ కిందికి దిగిందంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, క్రాంక్ షాఫ్ట్ చివరి పైలట్ బేరింగ్ కలిపి మార్చడమే లాభం. ‘ప్లేటు ఇంకా సగం ఉంది కదా’ అంటారు. ఉండొచ్చు, కానీ ఆ మిగతా సగం అయిపోయిన రోజు కూలి మళ్ళీ మొత్తం ఇవ్వాలి. పైలట్ బేరింగ్ పట్టేస్తే పెడల్ తొక్కినా గేర్‌బాక్స్ షాఫ్ట్ ఇంజన్‌తోపాటే తిరుగుతుంది, గేర్లు గీసుకుంటాయి. నింద మాత్రం గేర్‌బాక్స్ మీద పడుతుంది. ఇంజన్ వెనక ఆయిల్ సీలు కారుతుంటే కొత్త ప్లేటు కూడా తడిసి జారుతుంది.

మరి మెకానిక్ చెప్పిందల్లా మార్చాలా? అక్కర్లేదు. ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు, పగుళ్ళు లేకపోతే శుభ్రంగా తుడిస్తే చాలు. తీసిన గేర్ ఆయిల్‌లో సన్నటి బూడిదరంగు పొడి మామూలే. పంటి ముక్కలు కనిపిస్తేనే గేర్‌బాక్స్ విప్పించండి. ఆయిల్ విషయంలో మాత్రం బండి పుస్తకాన్నే నమ్మాలి: జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోస్తే అందులోని గంధకపు రసాయనాలు కొన్నిసార్లు ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

అసలు ఓపిక కావాల్సింది ఎక్కించేటప్పుడు. ప్లేటు నట్టనడుమ కూర్చోడానికి డమ్మీ షాఫ్ట్ పెట్టి, ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఆ తర్వాత జాకీ మీద గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు సమానంగా ఎత్తి, చుట్టూ సందు ఒకేలా ఉందో చూసుకోవాలి. గేరులో వేసి వెనక ఫ్లాంజిని చేత్తో మెల్లగా తిప్పుతుంటే షాఫ్ట్ పళ్ళు ప్లేటు పళ్ళలో సర్దుకుంటాయి. చివరి అంగుళం దగ్గర ఆగిపోయిందంటే ఎక్కడో వంకర ఉన్నట్టే. బోల్టులతో లాగితే త్వరగా అయిపోతుందన్న వాదన ఇక్కడే వస్తుంది. అలా లాగితే బెల్ హౌసింగ్ అల్యూమినియం చెవి పగలొచ్చు. గేర్‌బాక్స్ బరువు షాఫ్ట్ మీద వేలాడితే ప్లేటు మధ్యభాగం వంగి, పెడల్ తొక్కినా క్లచ్ విడవదు. అప్పుడు మళ్ళీ బ్యాటరీ వైరు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.