మూటాముల్లె సర్దుకోవాలా?

ఈమధ్య నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట "ఏమండీ, ఇంకా ఇక్కడ ఉండవచ్చునంటారా?" అన్న ప్రశ్న వినవస్తున్నది. నవ్వుతూ అడిగేవారున్నారు, నవ్వకుండా అడిగేవారూ ఉన్నారు. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు, ఇండియాకు బయలుదేరబోతున్న విమానంలోంచి కొందరు దిగిపోయారు. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని మర్నాడు వివరణ వచ్చింది. కాని ఆ ఒక్క రాత్రి పుట్టిన గుబులు వివరణతో పోయేది కాదు.

రుసుము సంగతి కంపెనీలు చూసుకుంటాయి. ప్రాణం సంగతి వేరు. ఆ భయం మనవాళ్ళలో గట్టిగా నాటుకున్నది 2017 ఫిబ్రవరి 22న అని మా అభిప్రాయం. ఆనాడు కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు కూచిభొట్ల శ్రీనివాస్, మాదసాని అలోక్ పని ముగించుకుని ఒక బారులో కూర్చున్నారు. ప్యూరింటన్ అనేవాడు వచ్చి ఏ వీసా మీద వచ్చారని నిలదీశాడు, నా దేశం నుంచి పొమ్మన్నాడు. అక్కడివారు వాణ్ణి బయటికి పంపారు. మళ్ళీ తుపాకీతో వచ్చాడు. శ్రీనివాస్ చనిపోయారు, అలోక్ గాయపడ్డారు. అడ్డం వెళ్ళిన ఇయన్ గ్రిలట్ అనే 24 ఏళ్ళ అమెరికన్ కుర్రవాడికీ తూటా తగిలింది. తాను కాల్చినది ఇరానీయులనని హంతకుడు ఆ రాత్రే పక్క రాష్ట్రంలో చెప్పుకున్నాడు. మనమెవరమో కూడా వాడికి తెలియదన్నమాట.

శ్రీనివాస్ భార్య దుమాల సునయన గారు తరువాత విలేఖరులతో అన్న మాటలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈ దేశంలో ఉండటం మంచిదేనా అని ఆమె అంతకుముందే భర్తను అడిగేవారట. అమెరికాలో మంచే జరుగుతుందని ఆయన ధైర్యం చెప్పేవారట. అంటే ఈనాడు మన ఇళ్ళలో అన్నాల వేళ జరిగే సంభాషణే వారింట్లోనూ జరిగింది. ఆమె భయం నిజమే అయింది. అయినా ఆయన మాట వట్టిదని కొట్టిపారెయ్యగలమా? గ్రిలట్ ఈ దేశపువాడే. 2018లో ప్యూరింటన్‌కు యావజ్జీవ శిక్ష వేసినవీ ఈ దేశపు కోర్టులే.

అప్పట్లో అలోక్ తండ్రి, పిల్లలను అమెరికా పంపవద్దని తల్లిదండ్రులకు బహిరంగంగా విజ్ఞప్తి చేశారు. ఎవరు విన్నారు? 2023-24 విద్యా సంవత్సరానికి ఇక్కడి భారతీయ విద్యార్థులు 3,31,602 మంది అయ్యారు, చైనావారిని మించిపోయారు.

ఆ రోజుల్లోనే ఒక తెలుగు సంఘంవారు, నలుగురిలో మాతృభాష మాట్లాడటం తగ్గించుకోమని సలహా ఇచ్చారు. వారి ఆదుర్దా మాకు అర్థమయింది, సలహా మాత్రం మింగుడుపడలేదు. తెలుగు మానేస్తే ఒంటి రంగు మారుతుందా? 1987లో న్యూజెర్సీలో "డాట్ బస్టర్స్" అని పేరు పెట్టుకున్న అల్లరిమూక మన ఆడవారి బొట్టునే గురి చేసుకున్నది. కాని ఆ సెప్టెంబరులో హొబోకెన్‌లో దెబ్బలకు బలి అయిన నవ్‌రోజ్ మోదీ పార్సీ, పైగా మగవాడు. బొట్టు చెరుపుకున్నా తప్పేదికాదు. అయినా జెర్సీ సిటీనుంచి మనవాళ్ళు లేచిపోలేదు. నూవర్క్ అవెన్యూలో కూరగాయల కొట్లు ఇంకా పెరిగాయి.

పోవలసి వచ్చిన చరిత్ర కూడా మన జాతికి ఉన్నది. తెలుగువారిని బర్మాలో "కోరంగి" లనేవారు, కాకినాడ దగ్గరి రేవు పేరు మీద. 1930 మే నెలలో రంగూను రేవులో మన కూలీలు సమ్మె కట్టారు. వారి స్థానంలో బర్మీయులను పెట్టుకుని, సమ్మె తీరగానే వెళ్ళిపొమ్మన్నారు. దానితో కొట్లాటలు రేగి వందమందికి పైగా చచ్చిపోయారు. 1938లో మళ్ళీ. కొందరు అప్పుడే ఓడ ఎక్కారు. సర్దుకుంటుందిలే అని ఉండిపోయినవారిలో ఎందరో 1942లో జపాను సేనలు వచ్చాక అడవులు పట్టి అస్సాముకు నడిచారు. మిగిలినవారిని 1964 జాతీయీకరణ తరిమింది. రంగూను కూలీకి ఓటూ లేదు, వాడి మాట వినే కోర్టూ లేదు గనుక అక్కడికీ ఇక్కడికీ పోలిక పూర్తిగా కుదరదు. అయినా ముందే బయలుదేరినవాడు పెట్టెతో వెళ్ళాడు, ఆలస్యం చేసినవాడు ప్రాణాలతో వెళ్ళాడు. అదైనా అందరికీ దక్కలేదు.

సరే, పోతే ఎక్కడికి? కెనడా 2023 జూలైలో హెచ్-1బి వారికి తలుపు తీస్తే, 10,000 స్థానాలు రెండు రోజులు తిరగకుండా నిండాయి. మరుసటి ఏడే ఆ ప్రభుత్వం వలసల కోటా తగ్గించింది. ఐర్లండులో 2025 వేసవిలో భారతీయుల మీద దాడులు జరిగి, మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెప్పవలసి వచ్చింది. అదే ఆగస్టు 31న ఆస్ట్రేలియా నగరాల్లో వలసలు వద్దంటూ ఊరేగింపులు తీశారు, కరపత్రాల్లో ప్రత్యేకించి భారతీయుల ప్రస్తావన. ఇక హైదరాబాదంటారా, 1952లో అక్కడ వినిపించిన నినాదం "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్". పొమ్మనటం తెల్లవాడు కనిపెట్టిన విద్యేమీ కాదు!

కాబట్టి వార్త చదివిన వారంలో ఇల్లు అమ్మకానికి పెట్టవద్దని మా మనవి. అమ్మానాన్నలు పెద్దవారయ్యారనో, చేయాలనుకున్న పని అక్కడ ఉన్నదనో వెళ్ళేవారికి మా శుభాకాంక్షలు. భయమే కారణమైతే మాత్రం ఎవరి పరిస్థితి ఏమిటో విడివిడిగా చూసుకోవాలి. పౌరసత్వం ఉన్నవారు వెళ్ళి, నచ్చకపోతే తిరిగి రావచ్చును. గ్రీన్‌కార్డువారు రీఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి బయట ఉంటే చిక్కే. సోషల్ సెక్యూరిటీ పింఛనుకు 40 క్రెడిట్లు కావాలి, అంటే పదేళ్ళ కొలువు. తొమ్మిదో ఏట లేచిపోయేవారు ఒకసారి లెక్క చూసుకోవాలి.

హెచ్-1బి వారి సంగతే కష్టం. 1972లో ఉగాండానుంచి ఆసియావాసులను వెళ్ళగొట్టిన ఇదీ అమీను 90 రోజులు గడువిచ్చాడు. ఇక్కడ ఉద్యోగం పోతే 2017 నాటి నిబంధన ప్రకారం ఉన్నది 60 రోజులు. ఆ అరవై రోజుల్లో వెతుక్కోవలసిన కాగితాలు ముందే ఒకచోట ఉంచుకోవటం పిరికితనమేమీ కాదు. పిల్లల జనన ధ్రువపత్రాలు, ఓ.సి.ఐ. కార్డులు, పాసుపోర్టులు, బడి రికార్డులు, పన్ను కాగితాలు. అవి ఎక్కడున్నాయో భార్యకూ తెలియాలి, వెళ్ళే ఉండే నిర్ణయంలో ఆమె మాటకూ సమానమైన విలువ ఉండాలి. ఈ దేశంలో సునయన గారికి ఉండే హక్కు భర్త వీసామీద ఆధారపడినది. ఆయన పోవడంతో అదీ పోయింది. అంత్యక్రియలకు హైదరాబాదు వెళ్ళిన మనిషి తిరిగి రావడానికి కాన్సస్ కాంగ్రెసు సభ్యుడు కెవిన్ యోడర్ కల్పించుకోవలసి వచ్చింది.