నాటక రచయిత, సున్నపురాయి, సినిమా పోస్టరు

అమెరికాలో పాత సినిమా తారల కలరింగ్ బుక్కులను ఏరికోరి కొనేవాళ్లున్నారు. 1930లలో ఒహాయో రాష్ట్రంలోని సాల్‌ఫీల్డ్ కంపెనీ షెర్లీ టెంపుల్ బొమ్మలతో పుస్తకాలు వేసింది. నల్ల గీతల్లో తార ముఖం ఉంటుంది, రంగులు నింపాల్సింది పిల్లలు. ఇప్పుడు వాటిలో ఎవరూ రంగు వేయని ప్రతికే ధర ఎక్కువ. పుట్టిన పని చేయని పుస్తకానికే గిరాకీ!

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలకు ఆ స్థానంలో దొరికింది పాటల పుస్తకం, గోడ మీది పోస్టరు. ఇక్కడ రంగు ముందే వేసి వచ్చేది. విచిత్రమేమిటంటే, తెర మీద బొమ్మ నలుపు తెలుపు, గోడ మీద బొమ్మ రంగులది. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లోనే వచ్చింది. పూర్తి నిడివి రంగుల తెలుగు సినిమా కోసం 1963లో ‘లవకుశ’ దాకా ఆగాల్సి వచ్చింది. అంతవరకు మన కృష్ణుడి నీలాన్నీ, నాయిక చీర రంగునూ నిర్ణయించింది కెమెరా కాదు, పోస్టరు గీసిన చిత్రకారుడూ అచ్చు యంత్రమూ. ఆ అచ్చు పద్ధతి పేరు లిథో, అంటే రాతి అచ్చు. దాని వారసుడు ఆఫ్‌సెట్.

లిథోను కనిపెట్టినవాడు నాటకాలవాడు కావడం నాకు భలే సంతోషం. అలాయిస్ సెనెఫెల్డర్ నటుడి కొడుకు. 1771లో ప్రాగ్‌లో పుట్టి, మ్యూనిక్‌లో నాటకాలు రాశాడు. వాటిని అచ్చువేయించే డబ్బు లేక తానే చౌక పద్ధతి వెతికాడు. 1796లో ఒకరోజు వాళ్లమ్మ చాకలికి వేసే బట్టల పద్దు రాయమంటే, చేతికి కాగితం దొరక్క, మైనం, సబ్బు, మసి కలిపిన సిరాతో పక్కనున్న రాతిపలక మీద రాశాడట. మరో రెండేళ్ల ప్రయోగాల తర్వాత అసలు సూత్రం దొరికింది.

ఆ రాయి బవేరియాలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయి. జిడ్డు సిరాలోని కొవ్వు ఆమ్లాలు రాతిలోని కాల్షియంతో కలిసి నీటిలో కరగని సబ్బుగా మారి అక్కడే పాతుకుపోతాయి. మన బోరు నీళ్లలో సబ్బు నురగ రాకుండా తెట్టు కడుతుంది చూడండి, జరిగేది అదే రసాయన చర్య. ఆ తర్వాత రాయి మీద కొద్దిగా ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పూస్తారు. గీతలేని చోట అది పట్టుకుని నీటిని నిలుపుతుంది. తడిపిన రాయి మీద సిరా రోలరు నడిపితే తడి ఉన్నచోట సిరా అంటదు, గీత ఉన్నచోట అంటుతుంది. చెక్కడం లేదు, ఎత్తుపల్లాలు లేవు. నూనెకూ నీటికీ పడకపోవడమే ఇందులోని విద్య.

సున్నపురాయికి మా వైపూ కొదవ లేదు. మేళ్లచెరువు, వాడపల్లి పక్కన గనులే ఉన్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలు బతికేది వాటి మీదే. కానీ లిథోకు కావాల్సింది గుండలా మెత్తని, అంతటా ఒకేలా ఉండే రేణువున్న పలక. సోల్న్‌హోఫెన్ రాతికి అంత పేరు రావడానికి కారణం అదే.

రంగులు ఎలా వచ్చాయి? ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఫ్రాన్సులో ఎంగెల్‌మన్ 1837లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఒకే కాగితాన్ని రాయి తర్వాత రాయి మీద వేయాలి, ఒక్క పిసరు జరిగినా పెదవి రంగు గడ్డం మీదికి వస్తుంది. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సు ఈ పద్ధతితోనే లక్ష్మినీ సరస్వతినీ ఇంటింటి గోడకు తెచ్చింది. ఆ ప్రెస్సులో పనిచేసిన ఒకాయన తర్వాత 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ తీశాడు. ఆయనే దాదాసాహెబ్ ఫాల్కే. భారతీయ సినిమా పుట్టింటి దారిలో లిథో రాళ్లున్నాయన్నమాట.

రాయి బరువు. క్రమంగా దాని చోటికి జింకు, అల్యూమినియం రేకులు వచ్చాయి. 1904 ప్రాంతంలో అమెరికాలోని న్యూజెర్సీలో ఐరా రూబెల్ మిషన్‌లో ఓసారి కాగితం పెట్టడం తప్పిపోయి, బొమ్మ రబ్బరు తొడుగు మీద పడింది. తర్వాతి కాగితానికి రబ్బరు మీది బొమ్మ అంటింది. చూస్తే అదే స్పష్టంగా ఉంది! మెత్తటి రబ్బరు గరుకు కాగితాన్నీ ఒత్తుకుని సిరా దించుతుంది. అదే ఆఫ్‌సెట్. శివకాశి అగ్గిపెట్టెల లేబుళ్ల నుంచి క్యాలెండర్ల దాకా ఎదిగింది ఈ దారిలోనే.

నలుపు తెలుపు స్టిల్ ఫోటో తీసుకుని, దాని మీద చేత్తో రంగులు పూసి పోస్టరు తయారుచేసేవాళ్లు. అమెరికా పిల్లలు సరదాకు చేసిన పని మన చిత్రకారులకు వృత్తి. పాలకొల్లులో పుట్టిన ఈశ్వర్ 1967లో ‘సాక్షి’ సినిమాతో మొదలుపెట్టి దశాబ్దాల పాటు పోస్టర్లు గీశారు, వాటి మీద పుస్తకమూ రాశారు.

పోస్టరు మా ఊళ్లకు, సినిమా పంపిణీ లెక్కలో, నైజాం ఏరియా సరుకుగా వచ్చేది. కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే ఏరియా మారిపోయి కృష్ణా అయ్యేది. మైదా జిగురుతో అంటిస్తే, కొత్త బొమ్మ వచ్చినప్పుడు పాతదాని మీదే అంటించేవాళ్లు. అందుకే మిగిలినవి తక్కువ. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. 2010లో ‘మాయాబజార్’కు హైదరాబాద్ కంపెనీ కంప్యూటర్‌తో ఫ్రేము ఫ్రేముకూ రంగులద్దింది. నా మటుకు నాకు ఆ రంగుల కన్నా పాత పోస్టరు రంగే ఇష్టం. అందులో ఒక మనిషి అభిరుచి కనిపిస్తుంది.

మీ ఇంట్లో పాత పోస్టరో పాటల పుస్తకమో ఉంటే భూతద్దం పెట్టి చూడండి. క్రమం లేని గరుకు చుక్కలుంటే రాతి మీదో రేకు మీదో చేత్తో గీసినది కావచ్చు. వరుస కట్టి పువ్వుల్లా కలిసే చుక్కలుంటే ఆఫ్‌సెట్. తుంపరలా చెదిరిన చుక్కలుంటే ఈమధ్య తీసిన నకలని అనుమానించండి. లామినేషన్ చేయించకండి, చిరిగిన చోట సెలోటేపు వేయకండి. జిగురు పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. మడతలు విప్పి, ఎండ తగలని చోట పరిచి పెట్టండి చాలు.