ఈకలతో చేసిన చేప

ట్రౌట్ చేపలను పట్టబోవు వాని పెట్టె తెరచి చూచినచో అందులో రెండు రకముల గాలములు కనబడును. మొదటి రకము గోరంత యుండును. సన్నని కొక్కెమునకు రెండు మూడు ఈకపోగులు, కొంచెము దారము చుట్టి, నీటిపై వ్రాలు పురుగువలె దానిని తయారు చేయుదురు. ఇంగ్లీషులో దీనిని ఫ్లై, అనగా ఈగ, అందురు. రెండవ రకము అరచేతి పొడవు వరకు ఉండును. దానికి జింక వెండ్రుకలు, కోడి ఈకలు, తళుకు పోగులు కట్టియుండును. కొన్నింటికి తలవద్ద లోహపు కన్నులు కూడ ఉండును. దీనిని సైతము ఈగల జాబితాలోనే చేర్చుచున్నారు గాని, ఇంత పొడవైన ఈగ లోకములో ఎచ్చటను లేదు. ఇది పురుగునకు కాదు, చిన్నచేపకు ప్రతిరూపము. దీని పేరు స్ట్రీమర్. ఆ మాటకు గాలిలో ఎగురు పొడవైన పతాక అని అర్థము. నీటిలో దీని ఈకలు అట్లే వెనుకకు సాగి ఆడుచుండును.

ఒకే నదిలోని ఒకే జాతి చేపకు ఈ రెండు ఎరలు ఎందులకు? దీనికి సమాధానము బ్రౌన్ ట్రౌట్ జీవితములోనే ఉన్నది.

బ్రౌన్ ట్రౌట్‌కు సాల్మో ట్రుట్టా అను శాస్త్రీయ నామమును 1758లో లిన్నేయస్ పెట్టెను. ఐరోపా, పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాలోని అట్లాస్ పర్వత ప్రాంతపు నీళ్లు దీని పుట్టినిల్లు. గోధుమవన్నె దేహముపై నల్లని మచ్చలు, వానితో పాటు లేతరంగు వలయముల నడుమ ఎఱ్ఱని చుక్కలు ఉండును. దీనికి చల్లని నీరు, ఆ నీటిలో సమృద్ధిగా కరగిన ప్రాణవాయువు కావలెను. పురుగులను తిని బ్రతుకు ట్రౌట్ సుమారు 13 సెంటిగ్రేడు డిగ్రీల నీటిలో బాగుగా పెరుగును. నీటి వేడి 25 డిగ్రీలు దాటి కొంతకాలము నిలచినచో దాని ప్రాణమునకే ముప్పు. అందుచేత గోదావరి, కృష్ణల వేసవి నీటిలో ఇది బ్రతుకజాలదు. మన దేశమున కాశ్మీరములో 1900లో స్కాట్లండునుండి వచ్చిన గ్రుడ్లతో దీని పెంపకము కుదురుకొనెను. పిమ్మట కులూ లోయలోని బియాస్ నదికిని చేరెను. నీలగిరులలో కూడ దీనిని పెంచుటకు ప్రయత్నించిరి గాని, అక్కడ నిలద్రొక్కుకొన్నది దాని దాయాదియగు రెయిన్‌బో ట్రౌట్.

గ్రుడ్డునుండి వెలువడిన ట్రౌట్ పిల్ల మొదట నీటిపురుగులనే తినును. ఏటి అడుగున రాళ్లనంటి పెరుగు మేఫ్లై, కాడిస్ మొదలగు కీటకముల డింభకములు, ప్రవాహముతో కొట్టుకొనివచ్చు చిన్న పురుగులు దాని ఆహారము. అది ఒక రాతిచాటున నిలచి, ఎదురుగా వచ్చిన దానిని ఒడిసిపట్టి, మరల తన చోటికి చేరును. దేహము చిన్నదిగా ఉన్నంతకాలము ఈ జీవనము చక్కగా సాగును.

దేహము పెరిగిన కొలది లెక్క మారును. ఒక డింభకము 5 మిల్లీగ్రాములు తూగుననుకొన్నచో, 10 గ్రాముల చిన్నచేప ఒక్కటి 2000 డింభకములకు సమానము. రెండువేల పర్యాయములు ప్రవాహమునకు అడ్డుపడి, రెండువేల పర్యాయములు వెనుకకు మరలి సంపాదించు ఆహారము ఒక్క దూకుడులో దొరకును. కిలో బరువు గల ట్రౌట్ 5 మిల్లీగ్రాముల కూలికై పదే పదే కదలినచో, వచ్చిన శక్తిలో పెద్ద భాగము ఆ కదలుటకే ఖర్చగును. మిగులు లేనిచోట పెరుగుదల లేదు. పురుగులు విశేషముగా ఉన్న సున్నపురాతి ఏళ్లలో పురుగులతోనే బాగుగా బలిసిన ట్రౌట్లు లేకపోలేదు. తక్కిన నీళ్లలో మాత్రము చాల పెద్దది కావలెనన్నచో అది చేపలను తినక తప్పదు.

ఈ మార్పునకు నోటి పరిమాణము ఒక హద్దు. ట్రౌట్ తన ఎరను నమలదు, మ్రింగును. తన నిడివిలో మూడవ వంతు వరకు ఉన్న చేపను అది మ్రింగగలదు. కనుక 15 సెం.మీ. ట్రౌట్‌కు దొరకు చేపలు బహు కొద్ది. 40 సెం.మీ. దానికి ఏటిలోని చిన్నచేపలన్నియు, తన జాతి పిల్లలతో సహా, ఆహారమే.

మార్పు జరిగిన సంగతి చేప పొలుసుపై వ్రాసియుండును. చెట్టు మ్రానులో వలె పొలుసుపై కూడ వలయములు ఏర్పడును. పెరుగుదల మందముగా ఉన్నప్పుడు అవి దగ్గరదగ్గరగాను, వేగముగా ఉన్నప్పుడు ఎడమెడముగాను ఉండును. స్కాట్లండు, ఐర్లండు సరస్సులలో ఫెరాక్స్ అను పెద్ద ట్రౌట్లు కలవు. ఆ లాటిన్ మాటకు క్రూరమైనది అని అర్థము. ఇవి కొన్ని సంవత్సరములు మెల్లగా పెరిగి, 30 సెం.మీ. దాటి ఆర్కిటిక్ చార్ అను చేపను తిన నారంభించగనే త్వరితముగా పెరుగును. వీనిలో కొన్ని 20 సంవత్సరములకు మించి జీవించును. ఐర్లండులోని మెల్విన్ సరస్సున మూడు రకముల బ్రౌన్ ట్రౌట్లు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఒకటి నత్తలను, ఒకటి నీటిలో తేలు సూక్ష్మజీవులను, మూడవదియగు ఫెరాక్స్ చేపలను తినును. ఒకే సరస్సులో నివసించినను ఇవి గ్రుడ్లు పెట్టు తావులు వేరు.

మరియొక విశేషము. ఇంగ్లండులో ఎలియట్, హర్లీ అను శాస్త్రజ్ఞులు చేపలను తిను బ్రౌన్ ట్రౌట్లను పరీక్షించి 2000లో తమ ఫలితములను ప్రకటించిరి. ఇట్టి ట్రౌట్లు మిక్కిలి బాగుగా పెరుగు ఉష్ణోగ్రత 17 డిగ్రీల ప్రాంతమని తేలెను. పురుగులను తినువానికి ఇది 13 డిగ్రీలని పైన చెప్పబడినది. వేడి పెరిగిన కొలది దేహపు ఖర్చు పెరుగును. ఆ ఖర్చునకు తగిన రాబడి చేపలవలన వచ్చుచున్నది. ఆహారము మారగా దేహమునకు అనుకూలమగు నీటి వేడియే మారుట ఆలోచింపదగిన విషయము.

చేపలను తిన మొదలిడిన ట్రౌట్ దినచర్య కూడ మారును. పగటివేళ అది గట్టు క్రింది బొరియలోనో, పడిపోయిన చెట్టు మొదలులోనో దాగియుండును. సందెచీకటిలోను, రాత్రులందును, వానకు నీరు బురదగా మారినప్పుడును వెలుపలికి వచ్చును. మసక వెలుతురులో దాని కంటిలోని దండకణములు పనిచేయును. దీనికి తోడు దాని ప్రక్కలనుండి తోకవరకు పార్శ్వరేఖ ఉన్నది. ఈ రేఖ వెంబడి సన్నని రంధ్రములు, వాని లోపల మెత్తని రోమములు గల జ్ఞానకణములు ఉండును. సమీపమున ఏ ప్రాణి కదలినను నీరు త్రోయబడి ఆ రోమములు వంగును. దేహపు నిడివికి ఒకటి రెండింతల దూరములో జరుగు కదలికను ట్రౌట్ ఈ విధముగా చూడకయే గుర్తింపగలదు.

వేటాడు చేపకు ఆరోగ్యముగా ఈదు ఎర కంటె గాయపడినది లాభము. తప్పించుకొనలేని దానిని పట్టుటకు తక్కువ శక్తి చాలును. తూలుచు, ఒక్క క్షణము ఆగి, మరల కొట్టుకొను చిన్నచేప అందుకే దాని దృష్టిని ఆకర్షించును. మన చెరువులలో కొర్రమీనుకై బ్రతికిన కప్పను గాలమునకు గ్రుచ్చువారికి ఇది తెలిసిన సంగతియే. ఎర కొట్టుకొనవలెను. స్ట్రీమర్ కట్టువాడు ఆ కొట్టుకొనుటను ఈకలతోను వెండ్రుకలతోను సాధింపవలెను.

ఈ విద్యలో పేరొందిన వారిలో కారీ స్టీవెన్స్ ఒకరు. ఆమె అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో నివసించెను. ఆడవారి టోపీలు అలంకరించు వృత్తి తెలిసినది కనుక ఈకలు ఆమెకు క్రొత్త కావు. 1924 జూలై 1న తాను కట్టిన స్ట్రీమర్‌తో ఆమె సుమారు 3 కిలోల బ్రూక్ ట్రౌట్‌ను పట్టెను. ఒక పత్రిక జరిపిన పోటీలో దానికి బహుమతి రాగా, ఆమె స్ట్రీమర్లకు గిరాకి పెరిగెను. గ్రే గోస్ట్ అను ఆమె స్ట్రీమర్ అక్కడి సరస్సులలోని స్మెల్ట్ అను వెండివన్నె చేపకు ప్రతిరూపము. 1930ల దశాబ్దమున డాన్ గాపెన్ కెనడాలోని నిపిగాన్ నది యొద్ద మడ్లర్ మిన్నో అను దానిని కట్టెను. అది ఏటి అడుగున రాళ్లమధ్య ప్రాకు స్కల్పిన్ అను పెద్దతల చేపకు నకలు. దాని తలను జింక వెండ్రుకలతో గుండ్రముగా చుట్టి కత్తిరింతురు. ఆ లావు తల కదలినప్పుడు నీటిని ప్రక్కలకు త్రోయును. ఆ త్రోపు ట్రౌట్ పార్శ్వరేఖకు అందును. వెనుక భాగమునకు వాడు మారబూ ఈకలకు పేరు ఒక కొంగనుండి వచ్చినది గాని, ఇప్పుడు వాడునవి టర్కీ కోడి నూగు ఈకలు. గాలము లాగకున్నను అవి నీటిలో ఊపిరి తీయుచున్నట్లు కదలుచుండును.

ఇంత తేలికయైన వస్తువును ఇరువది గజముల దూరము విసరుట ఎట్లు? మామూలు గాలములో బరువు కొననుండి దారమును లాగుకొనిపోవును. ఇచ్చట అందుకు విరుద్ధము. బరువంతయు దారములోనే ఉండును. పొడవైన కర్రను వెనుకకు ఊపినప్పుడు దారము వెనుక చాచుకొనును. ముందునకు ఊపి ఆపగనే అది కొరడావలె విడివడుచు పోయి కొననున్న గాలమును చేర్చును. పూర్వము ఈ దారమును గుఱ్ఱపు వెండ్రుకలతోను, పిదప పట్టుతోను చేసిరి. ఇప్పుడు ప్లాస్టిక్ పూతతో చేయుచున్నారు. స్ట్రీమర్‌కు వాడు దారపు పూతలో టంగ్‌స్టన్ పొడి కలుపుట కలదు. నీటికంటె బరువు గనుక అది మునిగి, గాలమును పెద్ద ట్రౌట్ ఉండు లోతునకు దింపును. దాని కొనకు తగిలించు సన్నతీగ పొడవైనచో గాలము మరల పైకి తేలిపోవును. అందువలన దానిని ఒకటి లేక ఒకటిన్నర మీటరుతో సరిపెట్టుదురు.

గాలమును గట్టు ప్రక్కకు విసరి, చేతితో దారమును కుదుపులుగా లాగుచు, నడుమ నడుమ ఆపుదురు. ట్రౌట్ ఎక్కువగా ఆ ఆగినప్పుడే పట్టును. 1999లో కెల్లీ గాలప్, బాబ్ లిన్సెన్మన్‌లు ప్రచురించిన గ్రంథము తరువాత గాలమును అడ్డముగా, వేగముగా కుదుపు పద్ధతి విశేష ప్రచారమునకు వచ్చెను. పెద్ద ట్రౌట్ ఆకలి చేతనే గాక, తన తావులోనికి చొరబడినదను కోపముచే కూడ దూకునని ఈ పద్ధతివారి వాదము. చేప కోపమును కొలుచుటకు సాధనము లేదు. దాని కడుపులో దొరకిన వానిని లెక్కించుట సులభము, నమ్మదగినది.

అట్టి లెక్కకు చక్కని తావు ఆర్కన్సాస్ రాష్ట్రములోని వైట్ నది. ఆ నదిపై బుల్ షోల్స్ ఆనకట్ట ఉన్నది. జలాశయములోని థ్రెడ్‌ఫిన్ షాడ్ అను చిన్న వెండిచేపలు చలికి ఓర్వలేవు. కఠినమైన చలికాలములో అవి మూర్ఛిల్లి, విద్యుద్యంత్రముల గుండా దిగువకు కొట్టుకొనివచ్చును. దిగువ నీటిలోని పెద్ద బ్రౌన్ ట్రౌట్లు అప్పుడు గుమికూడి వానిని కడుపునిండ మెక్కును. ఆ దినములలో తెల్లని స్ట్రీమర్‌ను లాగక, చచ్చిన చేపవలె నీటివాలున వదలుదురు. ఎర నడత మారగా గాలపు నడత కూడ మారవలెను గదా! అయినను లోకములో పెద్దదిగా నమోదైన బ్రౌన్ ట్రౌట్లలో ఒకటి చిన్నచేపల వేటవలన పెరిగినదని చెప్పుట కష్టము. 2020లో న్యూజీలండులోని ఓహౌ కాలువలో 20 కిలోలకు మించినది దొరకెను. ఆ కాలువలలో సాల్మన్ చేపలను పెంచుచున్నారు. వానికి వేయు మేత ఉండలు జారిరాగా అక్కడి ట్రౌట్లు వానిని తిని బలియును.

న్యూజీలండునకు ఈ చేప తానుగా పోలేదు. 1864లో నార్ఫోక్ అను ఓడలో మంచుగడ్డల నడుమ, నాచులో పొదిగి, ఇంగ్లండునుండి గ్రుడ్లను ఆస్ట్రేలియాకు తెచ్చిరి. అవి టాస్మేనియాలో పిల్లలయ్యెను. 1867లో అక్కడినుండి న్యూజీలండునకు గ్రుడ్లు పోయెను. అమెరికాకు 1883లో జర్మనీనుండి వచ్చెను. మరుసటి సంవత్సరము మిషిగన్‌లోని బాల్డ్విన్ నదిలో పిల్లలను విడచిరి. స్ట్రీమర్‌ను ఆశ్రయించిన ఈ చేప స్వభావమే క్రొత్త నీళ్లలో ఉపద్రవమాయెను. న్యూజీలండు ఏళ్లలోని గెలాక్సియస్ అను పొలుసులు లేని చిన్నచేపలకు ట్రౌట్ వంటి శత్రువు పూర్వము తెలియదు. పెక్కు ఏళ్లలో అవి ట్రౌట్ ఎక్కజాలని జలపాతములకు ఎగువ మాత్రమే మిగిలినవి. ప్రపంచములో మిక్కిలి హానికరములగు 100 పరదేశ జీవుల జాబితాలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు బ్రౌన్ ట్రౌట్‌ను చేర్చిరి.

పెద్ద ట్రౌట్‌ను కోరునదులలో దాని విలువ వేరు. తల్లిచేప కిలో బరువునకు సుమారు 1500 నుండి 2000 వరకు గ్రుడ్లు పెట్టును. కనుక పెద్ద తల్లి ఒకటి పోయినచో నష్టము పెద్దది. దాని స్థానమున మరియొకటి ఎదుగుటకు ఏండ్లు పట్టును. అందుచేత మిషిగన్ మొదలగు చోట్ల పలువురు ముల్లు లేని కొక్కెములను వాడి, చేతులు తడుపుకొని, చేపను నీటినుండి ఎత్తకయే విడిచిపెట్టుచున్నారు. పొడిచేతులు సోకినచో దాని దేహపు జిగురుపొర చెడును. నీరు 20 డిగ్రీలు దాటినచో విడిచిన చేప కూడ అలసటచే చచ్చును గనుక ఆ వేళలందు గాలమే వేయరు.

ఆరిజోనా రాష్ట్రములో కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్టకు దిగువ సంగతి మరియొక విధము. ఆ నదికి సొంతమగు హంప్‌బాక్ చబ్ అను మూపురపు చేప కొలదిగా మిగిలినది. దానిని ట్రౌట్ తినివేయునను భయముచే, 2020 నవంబరులో అక్కడి జాతీయ ఉద్యానవన శాఖవారు ఒక ప్రకటన చేసిరి. ఆ భాగములో పట్టి, చంపి, తల, పేగులు అప్పగించిన ప్రతి బ్రౌన్ ట్రౌట్‌కును 25 డాలర్లు ఇచ్చుటకు వారు ఒప్పుకొనిరి. ఆరు అంగుళముల పొడవు దాటినది ఏదైనను లెక్కకు వచ్చెను.