అంచు మీది అంకె

‘మా తాత పటాలంలో పనిచేశాడట’ అన్న మాట మన ఘుగ్గుస్‌లోని తెలుగు ఇళ్ళలో మేము చాలాసార్లు విన్నాం. ఏ పటాలం, ఏ ఏడు అని అడిగితే మాత్రం సంభాషణ అక్కడితో ఆగుతుంది. మా ఇంటి సంగతీ అంతే. బొగ్గుగని పనికోసం శ్రీకాకుళం వైపునుంచి వచ్చినప్పుడు మా తాతగారు తెచ్చుకున్న రేకుపెట్టెలో ఒక వెండి బిళ్ళ ఉండేది. అది ఆయన తండ్రిగారిది. ‘బస్రా వెళ్ళాడు, రాలేదు’ అన్నంతవరకే మాకు తెలిసిన చరిత్ర. పోయిన తిథి తెలియదు గనుక ఏటా మహాలయ అమావాస్యనాడే ఆయనకు తర్పణం వదిలేవారు.

ఆరా తీద్దామని ఒక కార్యాలయానికి జాబు వ్రాశాం. నంబరు లేనిదే వెదకలేమని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నంబరు మాకెక్కడిది? అది వందేళ్ళుగా మా పెట్టెలోనే ఉన్నదని అప్పటికి మాకు తెలియదు.

బిళ్ళ మీది రాజుగారి తలను అందరం చూశాం గాని అంచును ఎవరమూ చూడలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇచ్చిన బ్రిటిష్ యుద్ధ పతకాల అంచున సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం సన్నని ఇంగ్లీషు అక్షరాలతో ముద్రించేవారు. (మీ ఇంట ఇటువంటిది ఉంటే చింతపండు పెట్టి తోమవద్దు, అక్షరాలు అరిగిపోతాయి.) మా బిళ్ళ మీద ఉన్నది రెండవ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. అంటే బెంగుళూరు కేంద్రంగా ఉండిన మద్రాసు సాపర్లు. వంతెనలు కట్టటం, బాటలు వేయటం, కందకాలు త్రవ్వటం వారి పని. నేడు దానిని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అంటారు. ఆ యుద్ధంలో వారు మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాకుకు వెళ్ళారు. అక్కడ కుత్ ముట్టడిలో చిక్కిన సైన్యం 1916 ఏప్రిల్ 29న లొంగిపోయింది.

తరువాత ఊరి చిక్కు. శ్రీకాకుళం అని వెదికితే ఏమీ దొరకలేదు. అప్పట్లో ఇంగ్లీషువారు ఆ ఊరిని చికాకోల్ అని వ్రాసేవారు; 1936 దాకా అది గంజాం జిల్లాలోది. ఆ గంజాం నేడు ఒడిశాలో ఉంది. ఇక పేర్లు: ఇంటిపేరు ఉండదు, సిపాయి పేరు, తండ్రి పేరు అంతే. అప్పలస్వామి అన్న ఒక్క పేరునే గుమాస్తాలు నాలుగు విధాల వ్రాయగలరు. కాబట్టి పేరును నమ్ముకోక అంకెను పట్టుకోవటమే మంచిది.

కరీంనగరు, ఆదిలాబాదుల నుంచి వచ్చిన కుటుంబాలకు దారి వేరు. అవి నిజాం రాజ్యంలోవి. ఆ సర్కారు కాగితాలు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలాభాగం పారసీ, ఉర్దూలలో ఉంటాయి గనుక చదివిపెట్టే పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్ళాలి.

సమాధి దొరకనివారికోసం బస్రాలో 1929లో ఒక స్మారకం ఆవిష్కరించారు. మెసపొటేమియాలో పోయిన 40 వేలమందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. ఐతే హిందూదేశపు పటాలాలలో అధికారుల పేర్లు మాత్రమే రాతిమీద చెక్కి, మామూలు సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. ఇది చదివిన రోజున మా ఇంట ఎవరికీ అన్నం సయించలేదు. అటువంటి పక్షపాతం జరిగిన మాట నిజమేనని కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకున్నది.

రాతిమీద లేని పేర్లు ఆ కమిషన్ జాబితాలో ఉన్నాయి. నేడు కంప్యూటరుమీద ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. అందులో మా నంబరు కనబడింది. ప్రక్కనే పేరు, కొంచెం వంకరగా. తండ్రి పేరు, ఊరు. 1916 జూలైలో ఒక తేదీ.

పాత పంచాంగం తెలిసిన పురోహితుణ్ణి అడిగాం. ఆయన లెక్కవేసి, నల నామ సంవత్సరం, ఆషాఢ బహుళ తదియ అన్నారు.

ఈ ఏడు ఆషాఢ బహుళ తదియనాడు మా ఇంట మొదటిసారి ఆయన ఆబ్దికం పెట్టాం. ఆయనకు ఏది ఇష్టమో చెప్పగలవారు ఎవరూ లేరు. మా మేనత్తగారు కాసేపు ఆలోచించి, గారెలు ఎక్కువగా చేయించారు.