గోడ కింద ఏముంది?

ఇంటి పునాదికి ఇంజనీరును పిలిచే యజమాని ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి మిగిలిన రాయి, మిగిలిన సిమెంటుతో సరిపెడతారు. ఆ పొదుపుకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం గోడకు అవతల ఉన్నవారు

2025 ఏప్రిల్ 30, తెల్లవారుజాము. ఏడాదికొక్కసారి లభించే వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూప దర్శనం కోసం సింహాచలం కొండ మీద భక్తులు బారులు తీరారు. గాలివాన మొదలైంది. 300 రూపాయల టికెట్ క్యూలైన్ పక్కనున్న గోడ ఒక్కసారిగా విరుచుకుపడింది. ఏడుగురు చనిపోయారు. అది శతాబ్దాల నాటి గోడ కాదు. ఉత్సవానికి కొద్ది రోజుల ముందు హడావిడిగా లేపింది. ప్రభుత్వం త్రిసభ్య కమిషన్ వేసింది, అధికారులను సస్పెండ్ చేసింది.

దాదాపు ఏడాది ముందు, 2024 మే 7న, హైదరాబాద్ శివార్లలోని బాచుపల్లిలో ఇదే జరిగింది. వానకు నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్ రిటైనింగ్ వాల్ వలస కూలీల షెడ్ల మీద పడి, ఓ చిన్నారి సహా ఏడుగురు మరణించారు. 2019లోనైతే వరుసగా మూడు దుర్ఘటనలు. జూన్‌లో పుణెలోని కోంఢ్వాలో హౌసింగ్ సొసైటీ ప్రహరీ కూలి 15 మంది, జులైలో ముంబైలోని మలాడ్‌లో రిజర్వాయర్ గోడ గుడిసెల మీద పడి దాదాపు 30 మంది, డిసెంబర్‌లో తమిళనాడులోని మేట్టుపాళయం దగ్గర 20 అడుగుల ప్రహరీ దళితుల ఇళ్ల మీద కూలి 17 మంది బలయ్యారు. ప్రతిసారీ నెపం వాన మీదికే పోయింది. కానీ అదే వానకు పక్కనున్న గోడలు నిలబడే ఉన్నాయి. తేడా పైన కాదు, కింద ఉంది.

అనాథ నిర్మాణం
ఇంటికి ప్లానుంటుంది, శ్లాబుకు లెక్కుంటుంది. ప్రహరీకి మాత్రం మేస్త్రీ మాటే డిజైన్. అడుగు లోతు తవ్వి నాలుగు రాళ్లు వేసి గోడ లేపేయడం పరిపాటి. ఏ పునాదైనా సహజ నేల మట్టానికి కనీసం 50 సెంటీమీటర్ల దిగువకు వెళ్లాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పోతపోసిన మన్నుంటే ఆ లోతు కూడా చాలదు. చెరువు శిఖాల్లో, శిథిలాలతో నింపిన ప్లాట్లలో గట్టి నేల తగిలే వరకూ తవ్వాల్సిందే.

ఆ తర్వాత ఏ రాయి, ఏ ఇటుక అనేది నేలే చెబుతుంది. హైదరాబాద్ లాంటి చోట్ల మొరం త్వరగానే తగులుతుంది. అక్కడ పలచని కాంక్రీటు పరుపు మీద సిమెంటు మోర్టార్‌తో గ్రానైట్ రాతి కట్టుబడి చాలు. అయితే రాళ్ల మధ్య సందుల్ని మట్టితో పూడ్చకూడదు. గోడ వెడల్పంతా పట్టే పొడవాటి రాళ్లను మధ్యమధ్య వేయాలి. అవి లేకపోతే గోడ రెండు పొరలుగా విడిపోయి ఉబ్బుతుంది.

గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్, తాండూరు ప్రాంతాల నల్లరేగడి కథ వేరు. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని నెర్రెలు విచ్చే నేల అది. ఇల్లు బరువుగా ఉండి కొంత తట్టుకుంటుంది. తేలికైన ప్రహరీని మాత్రం నేల ఇట్టే ఎత్తి కుదేస్తుంది. ఇక్కడ ఎంత మంచి రాయైనా నెర్రెల లోతు దాటకపోతే వృథాయే. తవ్విన నల్లమట్టినే తిరిగి గోతిలో నింపడం మరో పొరపాటు. దాని బదులు మొరం గానీ ఇసుక గానీ వాడాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఈ నేలల కోసమే అడుగున ఉబ్బెత్తు గడ్డ ఉండే అండర్ రీమ్డ్ పైల్స్‌ను రూపొందించింది. పైల్స్ మీద బీము, బీము మీద గోడ. బీముకూ నేలకూ మధ్య కాస్త ఖాళీ వదిలితే మట్టి ఉబ్బినా గోడకు తగలదు.

డెల్టాలో రాయి దూరం నుంచి రావాలి కాబట్టి చాలామంది ఇటుకను నమ్ముకుంటారు. కానీ ఉప్పు, చెమ్మ ఉన్న చోట నాసిరకం ఇటుక పిండిలా రాలుతుంది. నేల మట్టం దాటే వరకైనా రాయో, కాంక్రీటో ఉండటం మేలు. ఫ్లైయాష్ ఇటుకకూ ఇదే సూత్రం. ఇటుక మంచిదే కావచ్చు. పిల్లర్లు లేకుండా, మట్టిని ఆపే గోడగా వాడితే మాత్రం అది నిలవదు.

ప్రహరీ కాదు, ఆనకట్ట
అసలు తిరకాసు ఇక్కడే. ఒకవైపు మట్టి ఎత్తుగా ఉంటే అది ప్రహరీ కాదు, మట్టికి కట్టిన ఆనకట్ట. పెరట్లో కూరగాయల కోసం అడుగున్నర ఎత్తున కట్టే మడిదీ ఇదే సూత్రం. కాకపోతే అక్కడ నెట్టే బలం తక్కువ. కాబట్టి కంకర పరుపు మీద పేర్చిన రాళ్లు సరిపోతాయి. ఎత్తు రెండింతలైతే మట్టి నెట్టే బలం నాలుగింతలవుతుంది. గోడను పడదోసే శక్తి ఎనిమిదింతలు. గోడ వెనుక రెండు మీటర్ల ఎత్తున నీరు చేరితే ఆ నీరే ప్రతి మీటరు పొడవునా రెండు టన్నుల బలంతో నెడుతుంది.

అందుకే నీటికి దారి చూపడమే గోడను కాపాడే చవకైన ఉపాయం. గోడ వెనుక అడుగు మందాన కంకర, గోడలో వరసగా నీరు పోయే కన్నాలు చాలు. కన్నాల వల్ల గోడ మీద మరకలు పడతాయని పూడ్చేసేవారూ ఉన్నారు. నాలుగడుగులు దాటిన ఏ రిటైనింగ్ గోడకైనా ఇంజనీరు డిజైన్ తప్పనిసరి అనుకోవాలి.

గోడకు రెండు వైపులుంటాయి. కట్టించుకునేవారు ఎత్తైన వైపున, మట్టి వైపున ఉంటారు. అవతల పల్లంలో కూలీల రేకుల షెడ్డు, గుడిసె, క్యూలైన్ ఉంటాయి. 2019 నుంచి జరిగిన ఈ ప్రమాదాలన్నిటిలో గోడ పడింది ఆ వైపే. కట్టించినవారు తమ భద్రత కోసం లేపిన గోడ ఎదుటివారి పాలిట ఎలా మారుతుందో చూసే బాధ్యత చాలాచోట్ల ఎవరికీ పట్టలేదు.

తొలకరికి ముందు ఓసారి గోడ వెంట నడిస్తే చాలా సంగతులు తెలుస్తాయి. గోడ ముందుకు వాలిందా? మధ్యలో ఉబ్బిందా? మెట్లు మెట్లుగా పగుళ్లున్నాయా? కన్నాల్లోంచి నీరు వస్తోందా? అనుమానం వస్తే మరమ్మతు ఆ తర్వాత సంగతి. ముందు అవతలి వైపున్నవారిని అక్కడి నుంచి తరలించాలి.